గ్లాసు అడుగున ఎర్ర చుక్క: ఒక పొడుల యూనిట్‌లో వివక్ష మూలాలు వెతికిన కేసు

ముందుగా ఒక మాట. ఊరు, యూనిట్, కుటుంబం గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ మార్చాం. కొన్నిచోట్ల ఇద్దరి మాటల్ని కలిపి ఒకరివిగా రాశాం. ఇది మేధోవైకల్యం ఉన్న ఒక యువకుడికి పనిచోట ఎదురైన వివక్ష సంగతి. అతని పేరు రాయడం లేదు. 24 ఏళ్ల మనిషి కాబట్టి "పిల్లాడు", "బాబు" అనీ రాయడం లేదు. అలాంటి మాటలు ఈ కేసులో ఎంత పని చేశాయో కింద వస్తుంది. ఇది రాయడానికి ముందు అతన్ని అడిగాం, తర్వాత వాళ్ల అమ్మగారిని అడిగాం. ఇద్దరూ సరేనన్నారు.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్టణం. మహిళా సంఘాల సభ్యులు కలిసి నడుపుకుంటున్న పొడుల యూనిట్. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, వేసవిలో ఆవకాయ చేస్తారు. 13 మంది ఆడవాళ్లు, వాళ్ల మీద ఒక సూపర్‌వైజర్. ఒక వృత్తి శిక్షణ కేంద్రం అతన్ని 8 వారాల ప్రయత్నం మీద అక్కడ పనిలో పెట్టింది.

తెలివితేటలు కొలిచే బినే-కామత్ పరీక్షలో ఐక్యూ 58, రోజువారీ పనులు సొంతంగా చేసుకునే తీరును కొలిచే వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్‌లో 64. స్వల్పస్థాయి మేధోవైకల్యం అన్నమాట, పాత మాటలో బుద్ధిమాంద్యం. బస్సులో ఒక్కడే వస్తాడు. కాటా మీద అంకెలు చదువుతాడు, వంద దాకా లెక్కపెడతాడు. చిల్లర లెక్క కష్టం. మాట నెమ్మది. కొత్త పని రెండు మూడుసార్లు చేసి చూపిస్తే పట్టుకుంటాడు, పట్టుకున్నాక వదలడు. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు, ఏ మందులూ వాడడు.

వచ్చిన ఫిర్యాదు

మూడోవారం యూనిట్ నుంచి కేంద్రానికి ఉత్తరం వచ్చింది. "మొండితనం ఎక్కువ. తిండి దగ్గర గొడవ చేస్తున్నాడు. ఆడవాళ్ల దగ్గర మెలిగే తీరు బాగాలేదు. తీసుకెళ్లిపోండి" అని అందులో ఉంది. ప్రవర్తన సమస్యగా రాసి పంపిన కేసు ఇది.

ఇలాంటి ఉత్తరం అందగానే మనిషిని పిలిపించి కౌన్సెలింగ్ చేయడం మామూలు. అలా చేయకుండా ముందు పనిచోట కూర్చుని చూశాం. మూడు రోజులు, రోజుకు రెండేసి గంటలు. గొడవకు ముందు ఏం జరిగింది, అతను ఏం చేశాడు, వెంటనే తర్వాత ఏమైంది అని మూడు గడుల్లో రాసుకున్నాం. మొత్తం 11 ఘటనలు. వాటిలో తొమ్మిదింటికి ముందు ఎవరో ఒకరు అతని చేతిలోంచి పని తీసేసుకున్నారు, లేదా అతని టిఫిన్ డబ్బానో గ్లాసునో పక్కకు జరిపారు. ఉత్తరంలో మొండితనం అని రాసింది ఏమిటంటే, కవర్ల కట్ట లాక్కోబోతే వదలకపోవడం.

"తిండి గొడవ" సంగతి రెండోరోజు తేలింది. టీ గ్లాసులన్నీ ఒకే సైజు స్టీలువి, గోడకున్న స్టాండులో బోర్లించి ఉంటాయి. అతని గ్లాసు మాత్రం కిటికీ గూట్లో ఉంటుంది. అతను తాగి, కడిగి, తెచ్చి స్టాండులో పెట్టాడు. ఒకామె మాట్లాడకుండా తీసి మళ్లీ గూట్లో పెట్టింది. అతను మళ్లీ స్టాండులో పెట్టాడు. మూడోసారికి గొంతు పెంచాడు. గ్లాసు తిరగేసి చూస్తే అడుగున గోళ్లరంగుతో ఎర్ర చుక్క ఉంది, పొరపాటున వేరేవాళ్లు అందులో తాగకుండా.

మిగతా రెండు ఘటనల్లో ఫిర్యాదు నిజమే. పిండిమర చప్పుడులో పిలిస్తే వినపడదని అతను వెనకగా వచ్చి భుజం తట్టేవాడు. ఆడవాళ్లు ఉలిక్కిపడటంలో తప్పు లేదు. చెయ్యి చాపినంత దూరంలో ఆగాలి, బల్ల మీద రెండుసార్లు కొట్టి పిలవాలి అని నేర్పితే నాలుగు రోజుల్లో ఆ అలవాటు మారింది. వివక్ష గురించి పనిచేసేటప్పుడు ఇలాంటి న్యాయమైన అభ్యంతరాన్ని కొట్టిపారేస్తే అవతలివాళ్లు మనం చెప్పే మరేదీ వినరు. అందుకే దాన్నే ముందు తీర్చాం.

ఇక్కడే పనిచేయాలని ఉందా అని అతన్ని అడిగాం. "పని ఇష్టం. గ్లాసు ఇష్టం లేదు" అన్నాడు. ఆ చుక్క సంగతి అతనికి తెలియదనే అక్కడ అందరూ అనుకుంటున్నారు.

చేసి దెబ్బతిన్న మూడు పనులు

మొదటిది అవగాహన సదస్సు. నాలుగోవారంలో గంటసేపు ప్రొజెక్టరు పెట్టి మేధోవైకల్యం అంటే ఏమిటి, ఎందుకు వస్తుంది, మానసిక జబ్బుకూ దీనికీ తేడా ఏమిటి అని చెప్పాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందనీ, అందులో ఈ రెండూ వేర్వేరనీ వివరించాం. ముందూ తర్వాతా పది ప్రశ్నల కాగితం ఇస్తే సగటు మార్కులు 4 నుంచి 8కి పెరిగాయి. గ్లాసు మాత్రం కిటికీలోనే ఉంది. పైగా రెండు కొత్త ఇబ్బందులు వచ్చాయి. కారణాల్లో మేనరికం ప్రస్తావన ఉంది కదా, మర్నాడు ముగ్గురు అతని తల్లిని దారిలో ఆపి "మీది మేనరికమా?" అని అడిగారు. కొందరికి దీంతోపాటు ఫిట్స్ కూడా ఉండవచ్చని ఒక స్లైడులో ఉంది. అప్పటినుంచి అతను దగ్గరికొస్తే కత్తిపీటలు తీసి దాచడం మొదలుపెట్టారు. తెలివిడి పెరిగింది, దాంతోపాటే భయానికీ నిందకూ కొత్త సరుకు దొరికింది.

రెండోది "వాళ్ల స్థానంలో ఉండి చూడండి" తరహా ఆట. మందపాటి చేతితొడుగులు వేసుకుని కవర్లు విప్పడం, అక్షరాలు తారుమారైన కాగితం చదవడం, తప్పు చేస్తే పక్కనుంచి విసుక్కోవడం. ఇద్దరు ఏడ్చారు. "ఇలా బతకడంకన్నా..." అని ఒకామె మాట మధ్యలో ఆపేసింది. మర్నాటి నుంచి అతనికి మిఠాయిలు ఎక్కువయ్యాయి, పని తక్కువైంది. ఈ ఆటలో లోపం ఎక్కడుందంటే, పది నిమిషాల్లో ఎవరికైనా తెలిసేది చేతకానితనం మాత్రమే. 24 ఏళ్లుగా అలాగే బతుకుతూ అతను నేర్చుకున్న నేర్పు ఆ పది నిమిషాల్లో కనబడదు. దీన్ని ఇప్పుడు ఏ పనిచోటా చేయించడం లేదు. ఎవరూ చేయించవద్దని గట్టిగా చెబుతున్నాం.

మూడోది భోజనాల దగ్గర వంతులవారీగా అతని పక్కన కూర్చోవాలన్న నియమం. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన సంగతిని సగమే పాటించిన ఫలితం చూశాం. రెండు వర్గాలవాళ్లు కలిసినంత మాత్రాన చాలదు, సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, దానికోసం ఒకరి మీద ఒకరు ఆధారపడాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి అని ఆయన షరతులు పెట్టాడు. మేం కలయిక ఒక్కటే ఏర్పాటు చేసి మిగిలిన నాలుగూ వదిలేశాం. కూలి అందుకునే మనిషి పక్కన, బస్సు ఖర్చులకని 50 రూపాయలు చేతిలో పెట్టించుకునే మనిషిని కూర్చోబెట్టాం. ఇద్దరు ఆడవాళ్లు బయట చెట్టుకింద తినడం మొదలుపెట్టారు.

ఇంత జరిగాక ఆగి చూసుకుంటే తప్పు తేటగా కనిపించింది. జ్వరమొచ్చిన 14 మందికీ ఒకే మాత్ర ఇచ్చాం, ఏ జ్వరమో చూడకుండా.

విడివిడిగా అడిగితే

ప్రయత్నకాలాన్ని 8 వారాల నుంచి 18 వారాలకు పొడిగించమని యూనిట్ కమిటీని కోరాం, ఒప్పుకున్నారు. ఏడోవారంలో 14 మందితోనూ ఒక్కొక్కరితో 25 నిమిషాలు మాట్లాడాం. "అతనంటే మీకు ఇష్టమేనా?" అని అడగలేదు. అడిగితే అందరూ "పాపం, మాకేం కోపమండీ" అంటారు. మూడే ప్రశ్నలు. ఆ గ్లాసులో మీరు తాగితే ఏమవుతుందనిపిస్తుంది? అతను ఇలా పుట్టడానికి కారణం ఏమై ఉంటుంది? అతను ఉన్నట్టుండి కోప్పడితే మీరేం చేస్తారు? మొదటిది ఏవగింపును, రెండోది నిందను, మూడోది భయాన్ని తడుముతాయి.

ద్వేషం అన్నది ఒక్కరిలోనూ కనబడలేదు. దొరికినవి వేరు.

ముగ్గురిది అంటు భావన. ఒకామె కూతురికి ఏడో నెల. "తెలుసండీ, అంటుకునేది కాదని మీరు చెప్పారుగా. అయినా ఆ గ్లాసు చూస్తే నోట్లో పెట్టుకోబుద్ధి కాదు" అంది. ఈ మాట అబద్ధం కాదు, మొండివాదనా కాదు. మనస్తత్వవేత్త పాల్ రోజిన్ బృందం 1986లో ప్రచురించిన ప్రయోగాల్లో మనుషుల కళ్లముందే ఒక సీసాలో చక్కెర పోసి, విషం పేరున్న చీటీ వాళ్లచేతే అతికించినా, ఆ చక్కెర కలిపిన నీళ్లు తాగడానికి వెనకాడారు. చక్కెరేనని వాళ్లకు తెలుసు. ఏవగింపు తెలివిడి మాట వినదు. సదస్సు ఇక్కడ ఎందుకు పనిచేయలేదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నలుగురిది కర్మ లెక్క. "గ్రహణంనాడు కూర తరిగి ఉంటుంది", "ఏ జన్మలో చేసిందో". మనస్తత్వవేత్త మెల్విన్ లెర్నర్ 1960లలో ఈ ఆలోచన తీరును పరిశీలించాడు. కారణం లేకుండా ఎవరికీ చెడు జరగదని నమ్మితేనే మనసుకు నిమ్మళం. ఆ తల్లిలో ఒక తప్పు దొరికితే, తప్పు చేయని నా పిల్లలకు ఏమీ కాదన్న ధైర్యం దొరుకుతుంది. నలుగురూ తల్లులే. ఆ నింద వెనక ఉన్నది వాళ్ల సొంత పిల్లల గురించిన భయం. మేనరికం స్లైడు ఆ భయానికి శాస్త్రం పేరుతో ఒక కర్ర అందించింది.

సూపర్‌వైజర్‌ది బాధ్యత భయం. "రేపు చెయ్యి కాలితే నన్నంటారా, మిమ్మల్నంటారా?" చాలా సరైన ప్రశ్న. అప్పటిదాకా ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఒకామె అందరికంటే కటువుగా మాట్లాడేది. గ్లాసు మీద చుక్క పెట్టింది ఆమే. మాటల చివర్లో తల వంచుకుని చెప్పింది, తన పుట్టింట్లో ఇలాంటి తమ్ముడున్నాడని, పెళ్లినాటి నుంచీ అత్తింట్లో ఆ సంగతి దాచిందని. సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో రాసిన మాట ఇక్కడ పనికొస్తుంది. మచ్చ ఆ మనిషితో ఆగదు, పక్కనున్నవాళ్లకూ అంటుతుంది. దాన్ని తప్పించుకోవాలంటే అందరికంటే ముందు తనే దూరం జరగాలి. ఆ చుక్క ఆమె తనకూ తన పుట్టింటికీ మధ్య గీసుకున్న గీత.

మిగిలిన ఐదుగురూ అతన్ని ముద్దుచేసేవాళ్లు. ఈ ఐదుగుర్ని మొదట్లో మన పక్షం అనుకున్నాం. పరిశీలన కాగితాలు తిరగేస్తే, చేతిలో పని తీసేసుకున్న ఘటనల్లో ఎక్కువభాగం వీళ్లవే. మనస్తత్వవేత్త సూసన్ ఫిస్క్ బృందం 2002లో ఇచ్చిన చట్రంలో ఇది సరిగ్గా ఇముడుతుంది. ఒక వర్గం మంచిదే గానీ చేతకానిది అనుకున్నప్పుడు పుట్టేది జాలి. జాలి సాయం చేస్తుంది, పని మాత్రం ఇవ్వదు. బయటికి ప్రేమలా కనబడుతుంది కాబట్టి దీన్ని కదిలించడం అన్నిటికంటే కష్టం.

ఒక విషయం మీద చాలాసేపు చర్చించుకున్నాం. రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో ఆ గదిలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. టీ కొట్టు దగ్గర విడి గ్లాసులో తాగిన తాతలున్న కుటుంబాలవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఆ పోలిక అందరి ముందూ తెస్తే గట్టిగా తగులుతుంది. తేలేదు. సిగ్గుపడ్డ మనిషి తన పనిని సమర్థించుకోవడానికే చూస్తుంది, మార్చుకోవడానికి కాదు. అదే కారణంతో దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న శిక్షల మాట కూడా ఎత్తలేదు. వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు అని 92వ సెక్షన్ చెబుతుంది. అది అవసరమైన చోట వాడాల్సిందే. ఇక్కడ అవసరం రాలేదు.

పనిచేసినవి

మొదట సూపర్‌వైజర్. ఆమె ప్రశ్నకు ఒక పేజీలో రాతపూర్వకంగా జవాబిచ్చాం. ఫిట్స్ చరిత్ర లేదని డాక్టరు కాగితం. మూకుడు దగ్గరికీ పిండిమర దగ్గరికీ వెళ్లకూడదు, తూకం, సీలింగ్, తేదీ ముద్ర చేయవచ్చు. ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి, బాధ్యత ఎవరిది అన్నదీ రాసి సంతకాలు పెట్టాం. ఆ కాగితం అందాక వారంలో ఆమె గొంతే మారింది. తర్వాత కమిటీ ఒక తీర్మానం చేసింది: ఖర్చుల 50 రూపాయలు రద్దు, అందరితో సమానంగా ప్యాకెట్‌కు ఇంత అని కూలి, అందరి పేర్లున్న మస్టర్‌లోనే అతని పేరు.

రెండోది పని తీరు మార్చడం. దీనిమీదే ఎక్కువ సమయం పెట్టాం. 100 గ్రాముల ప్యాకెట్. ఖాళీ కవరు 3 గ్రాములు. కాటా మీద 103 లేదా 104 కనబడాలి. ఆ రెండు అంకెలూ ఆకుపచ్చగా రాసిన అట్టముక్క కాటా పక్కన అతికించాం. తగ్గితే అర చెంచా వేయాలి, ఎక్కువైతే తీయాలి. సీలింగ్‌లో అసలు చిక్కు కవరు మూతి దగ్గర. అక్కడ పొడి అంటుకుని ఉంటే సీలు పైకి బాగానే కనబడుతుంది, రెండు వారాలకు నూనె కారుతుంది. అందుకని సీలర్‌లో పెట్టేముందు తడిలేని నూలుగుడ్డతో మూతి లోపల ఒకసారి, బయట ఒకసారి తుడవాలి. మొత్తం పనిని 9 మెట్లుగా విడగొట్టి చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పాం. అలా నేర్పితే ప్రతిసారీ పూర్తయిన ప్యాకెట్ అతని చేతిలోనే ఉంటుంది. 12 రోజులు పట్టింది.

ఆ క్రమంలో ఒకటి గమనించాం. సీలు చేసిన ప్యాకెట్‌ను అతను చెవి దగ్గర పెట్టుకుని రెండు అరచేతులతో మెల్లగా నొక్కుతాడు. ఎక్కడైనా సన్నగా "సుయ్" మంటే పక్కన పెడతాడు. నూరో ప్యాకెట్‌కు కూడా మొదటిదానికి పెట్టినంత శ్రద్ధ పెడతాడు. మిగతావాళ్లు ఇరవై దాటాక పైపైన చూసి వదిలేస్తున్నారు. దాంతో చివరి తనిఖీ అతనికి అప్పగించమని కోరాం. అతను సరేనంటేనే పెట్టె మూత పడుతుంది. ఎవరి ప్యాకెట్ అయినా సరే, గాలి పోతే అతని చేతుల మీదుగా వెనక్కి వస్తుంది. దుకాణాల నుంచి వారానికి ఇరవై దాకా తిరిగొచ్చే ప్యాకెట్లు నెల తిరిగేసరికి ఐదారుకు తగ్గాయి. తిరిగొచ్చిన ప్యాకెట్ డబ్బు అందరి వాటాలోంచీ కోస్తారు కాబట్టి, ఆ తేడా అందరికీ లెక్కలో కనబడింది. సదస్సులో ఎంత చెప్పినా రాని నమ్మకం ఆ లెక్కతో వచ్చింది.

ముద్దుచేసే ఐదుగురికి ఒకే సూచన: అతను తడబడితే చేతులు వెనక్కి కట్టుకుని మనసులో పది లెక్కపెట్టండి, అప్పటికీ కాకపోతే నోటితో చెప్పండి, అతని చేతిలోది మాత్రం ముట్టుకోవద్దు. వాళ్లకు ఇది నరకంలా అనిపించింది. చాలాసార్లు ఏడు ఎనిమిది లెక్క దగ్గరే అతను తనంతట తాను సరిచేసుకోవడం వాళ్లే చూశారు.

అంటు భావన ఉన్నవాళ్లతో వాదన పెట్టుకోలేదు. గ్లాసులన్నిటికీ ఒకటే పద్ధతి పెట్టాం: సబ్బునీళ్లు, వేడినీళ్లు, ఒకే స్టాండు. చుక్కను గోళ్లరంగు తుడిచే ద్రవంతో చెరిపేశాం, ఆ పని చుక్క పెట్టినామే చేసింది. తర్వాత మెట్లుమెట్లుగా వెళ్లాం. అతను సీలు చేసిన ప్యాకెట్ పట్టుకోవడం, ఆ తర్వాత అతను తెచ్చిన మూతలేని పళ్లెంలోంచి పొడి తీసుకోవడం, చివరికి అతను పోసిన టీ తాగడం. ఎవరినీ బలవంతపెట్టలేదు. ఇద్దరు ఏడు వారాల్లో చివరి మెట్టు దాకా వచ్చారు. కూతురు గర్భవతి అయినామె రెండో మెట్టు దగ్గరే ఆగి, పురుడికని మూడు నెలలు సెలవు పెట్టింది. తిరిగొచ్చాక అతను పోసిన టీ మామూలుగా తాగింది. దీన్ని మా విజయంగా లెక్కించలేదు. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది కాబట్టి భయం అవసరం తీరింది, అంతే. అంటుతుందన్న నమ్మకం అలాగే ఉంది.

తమ్ముడున్నామెతో విడిగా మూడుసార్లు కూర్చున్నాం. ఎక్కువగా విన్నాం. యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు) ఎలా తీసుకోవాలి, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యబీమా ఎలా వస్తుంది అని ఆమె అడిగింది, రాసిచ్చాం. ఆమె రహస్యం ఆ గదిలో మరెవరికీ తెలియనివ్వలేదు.

కర్మ లెక్క నలుగురిలో ఇద్దరి మాట మెత్తబడింది. ఇద్దరిది మారలేదు. దీనికి మా దగ్గర మంచి మందు లేదు. సదస్సుల్లో కారణాల గురించిన భాగాన్ని మాత్రం పూర్తిగా తీసేశాం. సహోద్యోగికి కావాల్సింది అతనితో ఎలా మాట్లాడాలి, పని ఎలా చూపించాలి అన్నది. అతను ఎందుకలా పుట్టాడో వాళ్లకు అక్కర్లేదు.

ఎలా కొలిచాం

వైఖరుల ప్రశ్నపత్రాలు ఇవ్వలేదు. జవాబులు మర్యాదగా ఉంటాయి, అంతకుమించి ఏమీ చెప్పవు. రెండేసి గంటలు కూర్చుని రెండు సంగతులు లెక్కపెట్టాం. ఒకటి, అతని చేతిలోంచి పని తీసేసుకోవడం: నాలుగోవారంలో రెండు గంటలకు 14 సార్లు, 18వ వారంలో 2 సార్లు. రెండోది సర్వనామం. అతని గురించి మాట్లాడిన 31 సందర్భాల్లో మొదట 27 "వాడు", "పిల్లోడు". చివరికి 28లో 9. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. మన ఇళ్లలో కొడుకును "వాడు" అనడం ప్రేమే. అందుకని దాన్ని విడిగా చూడకుండా, సరుకు తీసుకెళ్లే ఆటో డ్రైవర్‌ను ఏమంటున్నారో దానితో పోల్చాం. అతనిదీ ఇంచుమించు అదే వయసు. అతన్ని మొదటినుంచీ అందరూ "అతను" అంటున్నారు. ఇద్దరి మధ్యా ఉన్న ఆ తేడాయే మా కొలబద్ద.

మళ్లీ ఇలాంటి కేసు వస్తే మొదటిరోజే మార్చే సంగతులు రెండు. విడిగా మాట్లాడకుండా ఎవరికీ ఏ సదస్సూ పెట్టం. కూలి, హోదా సరిచేయకుండా ఎవరినీ ఎవరి పక్కనా కూర్చోబెట్టం. అతన్ని "మార్చడం" మీద మొత్తం 18 వారాల్లో మేం ఖర్చుపెట్టింది పని నేర్పిన 12 రోజులు, భుజం తట్టే అలవాటు మాన్పించిన 4 రోజులు.

ఇంకా మిగిలింది

ఆరో నెలలో యూనిట్‌లో ఒకామె కూతురి పెళ్లి. అందరికీ పేరుపేరునా శుభలేఖ, బొట్టుపెట్టి పిలుపు. అతనికి శుభలేఖ ఇవ్వలేదు, "మీ అమ్మగారికి చెప్పాంగా" అన్నారు. పిలిచినామె ముద్దుచేసే ఐదుగురిలో ఒకరు, పది లెక్కపెట్టడం అందరికంటే ముందు నేర్చుకున్నామె. పనిబల్ల దగ్గర అతను సహోద్యోగి అయ్యాడు, గుమ్మం దాటితే ఇంకా ఎవరి కొడుకో. అతను రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోరోజు సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి, బల్ల మీద రెండుసార్లు కొట్టి, తన పేరు రాసిన శుభలేఖ ఒకటి కావాలని అడిగాడు.